శంకరమ్మ తొట్టిలోని ఎర్ర పురుగులు

1989 వానాకాలంలో, గద్వాల నేతవీధి ఒకదానిలో, జనం ఎదుట నిలబడి నేను సరిగ్గా చూడకుండానే ఒక పురుగు సంగతి తేల్చేశాను. ఆ మాటతో శంకరమ్మకు పని పోయింది.

అప్పుడు నేను అక్కడ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, మిడ్జ్ అనే కుట్టని సన్నదోమల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. ఆ సంగతి విని నర్సింహులు అనే నేతగాడు నన్ను తన వీధికి తీసుకెళ్లాడు. పొద్దున్నే వీధిలో పడుగు నూలు పొడుగ్గా చాచి గంజి పెడుతుంటే ఈ దోమలు గుంపులుగా వచ్చి తడి నూలుకు అంటుకునేవి. మగ్గం ఎక్కాక చితికి మరకలయ్యేవి.

"చీరె ఖరాబైతున్నది సారూ. ఇవి యాడికెల్లి వస్తున్నయో జర చూడున్రి," అన్నాడు.

పక్కింటి శంకరమ్మ వీధి వాళ్ల నూలుకు రంగులు వేసేది. ఆమె పెరట్లో మంచినీళ్ల తొట్టి ఉంది. అడుగున ఎర్రటి లార్వాలు, అంటే దోమ పిల్లపురుగులు, మెలికలు తిరుగుతున్నాయి. "ఇవే," అన్నాను. మిడ్జ్ లార్వాల్లో చాలా జాతులు ఎర్రగానే ఉంటాయని నాకు తెలుసు. కానీ అందరూ నా నోటి వంక చూస్తుంటే "చూసి రేపు చెబుతాను" అనడం నామోషీ అనిపించింది. కొన్నిటిని సీసాలో పట్టుకుని వచ్చేశాను.

వీధి వాళ్లు ఆ పూటే తొట్టి ఖాళీ చేయించారు. అయినా దోమలు ఆగలేదు. శంకరమ్మ ఎక్కడో నీళ్లు దాచిందన్నారు. ఆమెకు నూలు ఇవ్వడం మానేశారు. ఒకరోజు ఆమె కాలేజీకి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరు ఒక్క మాట అని పోయిన్రు సారూ. నేను రోజూ మాటలు వడుతున్న. ఇంట్ల కుండలు గూడ బోర్లించి సూపిచ్చిన. ఇంకేం జెయ్యాలె?"



మర్నాడే ఆ వీధిలో ఎగిరే ఆడదోమలను పట్టి, నీళ్ల గిన్నెలో గుడ్లు పెట్టించాను. ఆ లార్వాలు పెరగడానికి వారాలు పట్టింది. అన్నాళ్లూ శంకరమ్మ పొయ్యి మీద రంగు కాగలేదు. వీధి వెనక మురుగు గుంటలోని లార్వాలు కూడా తెచ్చాను. మైక్రోస్కోప్ కింద గుంట లార్వాలకూ, గిన్నెలో పెరిగిన దోమల పిల్లలకూ తోక దగ్గర వేళ్లలాంటి పొడుగు గొట్టాలు కనిపించాయి. మొదటిరోజు సీసాలో తెచ్చి దాచిన తొట్టి లార్వాలకు అవి లేవు. నోటి పళ్ల వరుస కూడా వేరు.

ఈసారి అక్కడితో ఆగలేదు. ఈ లార్వాల లాలాజల గ్రంథుల్లో క్రోమోజోములు చాలా పెద్దవి. వాటికి రంగు పట్టించి గాజుపలక మీద నొక్కితే అడ్డచారలు కనిపిస్తాయి. ఆ చారల వరుస జాతికో తీరుగా ఉంటుంది. గుంటవీ, దోమల పిల్లలవీ చారకు చార కలిశాయి. తొట్టివి కలవలేదు. ఆ గుంటలో మురుగుతున్నది వీధి వాళ్లందరి గంజినీళ్లే.

ఆదివారం మైక్రోస్కోప్ మోసుకెళ్లి నర్సింహులు అరుగు మీద పెట్టాను. వీధి వాళ్లంతా చేరారు. "శంకరమ్మ తొట్టిలోవి వేరే పురుగులు. ఆ రోజు నేను చూడకుండా చెప్పాను. తప్పు నాది," అన్నాను.

నర్సింహులు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "మరి గిది ఆ పొద్దే ఎందుకు సూడకపోతిరి?"

"చూడాల్సింది."

శంకరమ్మ కూడా వంగి చూసింది. "నర్సిమ్లూ, నీ చీరె అంచుకన్న ఈ పురుగు చారలే సక్కగున్నయి," అంది. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆ పూటే అందరం కలిసి గుంట పూడ్చి, నీళ్లు పారేలా కాలువ తీశాం. నేనూ పార పట్టాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరు పురుగు తెచ్చినా గాజుపలక చూశాకే నోరు విప్పాను.

ఇక ఆ రోజుకు శంకరమ్మ ఖాళీ తొట్టి మిగిలింది. బిందె అడిగి తీసుకుని వీధి చివరి బావి నుంచి నీళ్లు మోయసాగాను.

"అయ్యో, మీరెందుకు సారూ? మేం మోస్తం గద," అన్నారు ఎవరో.

"మోయనియ్యున్రి," అంది శంకరమ్మ.

తొట్టి సగం నిండేసరికి నర్సింహులు చంకలో నూలు మూటతో వచ్చి ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"అక్కా, కోపమున్నదా?"

"ఎందుకుండదు? ఆడ వెట్టు. ఏం రంగు?"

"మామిడిపండు రంగు."

ఆమె పొయ్యి దగ్గరికి నడిచింది. నేను బిందె వంపి మళ్లీ బావికి వెళ్లాను.