సూది మానిన పొద్దు

మా పాపకు మూడు నెలలు నిండకముందే షుగర్ బయటపడింది. అప్పటినుంచి రోజూ ఇన్సులిన్ సూదులే. ఆ చిన్న తొడకు సూది గుచ్చేటప్పుడు మా ఆయన గుమ్మం దాటి వెళ్లిపోయేవాడు. మా ఊరి నుంచి ఝరాసంగానికి ఆటో నడుపుతూ దారిపొడుగునా ముచ్చట్లు చెప్పే మనిషి, ఇంట్లో మాట తగ్గించేశాడు. పిన్నిలాంటి పక్కింటి ఖాలా మిషన్ కుట్టడం ఆపి వచ్చి, పాపను ఒళ్లో పట్టుకునేది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. దీనికి దవా ఎక్కడ్నో ఉండే ఉంటది," అనేది. ఊరడింపు మాటే అనుకునేదాన్ని.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మను కలిశాం. షుగర్ ఎప్పుడు మొదలైందో వినగానే ఆమె రాయడం ఆపేసింది.

"అంత చిన్నప్పుడు వచ్చిందంటే ఇది మామూలు షుగర్ కాకపోవచ్చు. జన్యువుల పరీక్ష చేయిద్దాం," అంది. మా ముగ్గురి రక్తమూ తీశారు.

కొన్ని వారాల తర్వాత పిలిచి చెప్పింది. పాప జన్యువుల్లో ఒక్కచోట తేడా ఉంది. దేశదేశాల మనుషుల జన్యు వివరాలు కంప్యూటర్లలో పోగై ఉంటాయట. వాటితో పోల్చి చూస్తే, అదే తేడా ఉన్న పిల్లలు ఇంకొందరు కనిపించారు. వాళ్లలో చాలామంది సూది మాని గోలీతో బాగున్నారు.

"పాప ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది, బయటికే రావట్లేదు. ఆ దారి తెరిచే మందు ఉంది. పెద్దవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న షుగర్ గోలీయే."

"మా ఇద్దర్ల ఎవల నుంచి వచ్చింది మేడం?" అన్నాడు మా ఆయన.

"మీ ఇద్దరిలోనూ లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నానో, ఏం చేశానో అని అన్నాళ్లూ నన్ను నేనే తవ్వుకున్నాను. ఆ మాట విన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

దవాఖానలోనే ఉంచి, మాటిమాటికీ షుగర్ చూస్తూ గోలీ పెంచారు, ఇన్సులిన్ తగ్గించారు. ఒక పొద్దున పాప అలవాటుగా కాలు చాపి కూర్చుంది. నర్సు రాలేదు.

"సూది ఎయ్యరా అమ్మా?"

"ఇయ్యాల్టి సంది వద్దన్నరు బిడ్డా."

పాప నమ్మలేదు. చాలాసేపు కాలు అట్లాగే చాపి ఉంచింది.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ, పేరు లేకుండా పాప వివరాలను కంప్యూటర్లలోని ఆ జన్యు వివరాల పోగులో చేర్చవచ్చా అని అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"చేర్చున్రి మేడం. ఇంకెవల బిడ్డకన్న అక్కరకొస్తది," అన్నాడు.

ఇప్పుడు పాప బడికి పోతోంది. వేలు గుచ్చి షుగర్ చూడటం తప్పలేదు. గోలీ చేదని రోజూ మూతి ముడుస్తుంది, నీళ్లు తాగి బ్యాగు తగిలించుకుని ఉరుకుతుంది.