సూర్నారాయణ మావ మీద వేసిన నింద

నేను చెప్పబోయే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా భర్తకి కూడా. ఇన్నేళ్లూ మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా నాన్న ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల సరుకు దించే క్రేన్ నడిపేవాడు. సూర్నారాయణ మావ అక్కడే ఇంజిన్ మెకానిక్. ఇద్దరూ శ్రీకాకుళం వైపు ఒకే ఊరి నుంచి బెంగాలుకి వచ్చినవాళ్లే. చుట్టరికం లేదు కానీ, మాకు జ్వరమొస్తే నాన్న కంటే ముందు మావే డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లేవాడు.

ఒక రోజు నాన్న తాగి పనిలోకి దిగాడు. క్రేన్ నుంచి జారిన బరువు కింద ఒక బీహారీ కూలీ నలిగి చనిపోయాడు. విచారణలో అందరూ తాడు తెగిందనే చెప్పారు. మావ ఒక్కడే, "తాగున్నాడు బాబూ. నాను వద్దన్నాను, ఇన్లేదు" అన్నాడు.

నాన్న ఉద్యోగం పోయింది. ఆ తర్వాత తాగడమే ఆయన పని. అయినా చనిపోయేదాకా మావని ఒక్క మాట అనలేదు. ఆయన అననివన్నీ నేను దాచుకున్నాను. పాడె మోయడానికి మావ భుజం పెట్టినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ భుజం వైపే చూస్తూ నిలబడ్డాను.

కొంతకాలానికి దక్షిణ ధ్రువం వైపు వెళ్లే బృందంలో మావకి చోటు దొరికింది. సూర్యుడు కనపడని చలికాలమంతా ఆ మంచు మీదే ఉండి, జనరేటర్లు ఆగకుండా కాపాడి వచ్చాడు. వచ్చేసరికి ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. మంచుతుఫానులో పోయాయట. కూడా ఉన్న బెంగాలీ కుర్రాడి పాదాలూ దెబ్బతిన్నాయట. ఎలాగని అడిగితే, "సలి బాబూ, మరేటి" అని నవ్వేసేవాడు. పేటంతా పొంగిపోయింది. దసరా పూజ పందిట్లో దండ వేసి సన్మానిస్తామని పేట క్లబ్బు వాళ్లు అన్నారు.

మా నాన్నని నలుగురిలో దోషిని చేసిన మనిషికి దండా?

కొళాయి దగ్గర పక్కావిడతో గొంతు తగ్గించి అన్నాను. "ఆ కుర్రోడిని తుఫాన్లో ఒగ్గీసి మావ ఒక్కడే పారొచ్చీసినాడంట. అందుకే ఏటీ సెప్పడు."

అంతే. ఇంకెవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. డాక్ గేటు దగ్గర టీ కొట్లో మావ కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది. సన్మానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అదంతా చూస్తూ నేనెలా ఉన్నాను? బాధపడ్డానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ నాకు తీపిగా ఉండేది. అన్నం సహించేది. నిద్ర పట్టేది.

మావ ఓ సాయంత్రం వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"నువ్వే అన్నావంట. నిజమేనా అమ్మా?"

"నువ్వు నిజం సెప్తే మా నాన్న పోనాడు. నాను అబద్ధం సెప్తే నీకేటి పోనాది?"

ఆయన కోప్పడలేదు. "నన్ను తిట్టాలంటే తిట్టు. గానీ మంచు మీద ఎవులూ ఎవుల్నీ ఒగ్గీయరమ్మా. ఆ మాటనకు" అని వెళ్లిపోయాడు. అబద్ధమని నేను నా నోటితోనే ఒప్పుకున్నా, మావ ఆ సంగతి ఎక్కడా బయటపెట్టలేదు. తర్వాత అత్తతో దగ్గర్లోనే ఉన్న బడ్జ్ బడ్జ్ అనే ఊరు వెళ్లి జూట్ మిల్లులో చేరాడు.

ఇక్కడితో ఆగితే చిన్నతనం, కోపం అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆగలేదు.

కొన్నేళ్లకి కర్ర పట్టుకుని కుంటుతూ ఒక బెంగాలీ యువకుడు మా వీధికి వచ్చాడు. బట్టలు ఆరేస్తున్న నన్నే అడిగాడు, "దీదీ, సూర్నారాయణ దాదా ఇల్లెక్కడ?" అని. మంచు మీద మావతో ఉన్న కుర్రాడు అతనే. తుఫానులో భయపడిపోయి, ఇద్దరినీ కలిపి నడుముకి కట్టిన తాడు విప్పుకుని పరుగెత్తింది తనేనట. మావ వెతికి పట్టుకుని వీపు మీద మోసుకొచ్చాడట. పట్టు జారకుండా తొడుగు తీసేసిన చెయ్యే ఆ వేళ్లు పోయిన చెయ్యి. "నా ఉద్యోగం పోతుందని దాదా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే అందరికీ చెబుదామని వచ్చాను" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఇతని ఉద్యోగం కాపాడిన నోరు మా నాన్న ఉద్యోగం ఎందుకు కాపాడలేదు?

"ఆయన శ్రీకాకుళం వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో మాకు తెలీదు" అన్నాను. బస్సెక్కితే చాలు, బడ్జ్ బడ్జ్‌లో మావ ఉన్నాడు. అతను వచ్చిన దారినే కుంటుకుంటూ వెళ్లాడు. నేను బట్టలు ఆరేయడం పూర్తి చేశాను.

మావ ఆ నిందతోనే పోయాడు. దహనానికి వెళ్లాను. అక్కడా వెనక నుంచి ఎవరో అదే మాట గుసగుసలాడారు. నేను నోరు విప్పలేదు.

నాన్న, ఆ కుర్రాడు, ఇద్దరి విషయంలో మావ రెండు రకాలుగా ఎందుకున్నాడో చాలా ఆలస్యంగా అర్థమైంది. మంచు మీద పోయినవి ఆయన సొంత వేళ్లు. వాటిని వదులుకునే హక్కు ఆయనకుంది. డాక్‌లో పోయింది ఇంకొకడి ప్రాణం. ఆ కూలీ పేరేమిటో మా ఇంట్లో ఎవరమూ, ఏనాడూ అడగలేదు.

మావ మీద కోపం పోయిందా? పూర్తిగా పోలేదు. అది కూడా దాచను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఒక్కటి వినండి, చాలు. సూర్నారాయణ మావ ఆ కుర్రాణ్ని వదిలెయ్యలేదు. మోసుకొచ్చాడు. ఆ సంగతి తెలిసీ దాచింది నేను.