గుండీలే తరువాయి

ఆ వీధి దర్జీ మాస్టారి నోట అబద్ధం రాదు, ఒక్క మాట తప్ప. "అయిపోయిందండీ, గుండీలే తరువాయి." ముప్ఫై ఏళ్లుగా కొట్టు ఆ మాట మీదే నడుస్తోంది. కత్తెర పడని బట్టకీ అదే జవాబు, కొలతలు రాసిన కాగితం పోయిన బట్టకీ అదే జవాబు. వీధివాళ్లు విని, తల ఊపి, ఇంకో వారానికి వస్తారు.

కొట్టు ఎదుటి మేడ మీద గదిలో ఒక పరదేశపు ఆవిడ అద్దెకు దిగింది. ఇక్కడి మనుషుల తీరు మీద పుస్తకం రాస్తుందట. ఏం విన్నా నోట్సులో ఎక్కించేది కనుక అందరూ నోట్సమ్మ అనేవారు. భాష బాగానే పట్టుబడింది. దిగిన నెలలోనే కోటుకని బట్ట ఇచ్చింది. పదోరోజున వచ్చి అడిగితే మాస్టారు మామూలు మాటే అన్నాడు. పాపం, ఆవిడ నమ్మింది. బజారంతా తిరిగి డజను గుండీలు కొని తెచ్చి, "ఇక ఇబ్బంది లేదు కదా మాస్టారూ" అంటూ చేతిలో పెట్టింది. మాస్టారు వాటిని సొరుగులో వేసుకున్నాడు. ఆ గుండీలు తర్వాత ఎవరెవరి చొక్కాలకు పోయాయో దేవుడికే తెలియాలి.

పది నెలలు గడిచాయి. వెళ్లిపోయే వారంలో ఆవిడ కొట్టుకు వచ్చి, నోట్సు తెరిచి, "సరిగ్గా రాశానా చెప్పండి" అని చదివింది.

"గుండీలే తరువాయి అంటే, బట్ట ఇంకా కత్తిరించలేదని అర్థం."

మాస్టారి ముఖం మాడిపోయింది. ఆవిడ అటు వెళ్లగానే ఇటు అందుకున్నాడు.

"ఎక్కడినుంచో వచ్చి పది నెలలుంటే మన మాటా మన మనసూ తెలిసిపోతాయా? పెద్ద అర్థం చేసుకుంది."

కాజాలు కుడుతున్న భార్య తల ఎత్తలేదు. "నాకైతే రెండేళ్లు పట్టిందండీ. మా అన్నయ్య పెళ్లికి పాత జాకెట్టుతోనే వెళ్లాను."

మాస్టారికి రోషం ముంచుకొచ్చింది. తన మాట అబద్ధమని దేశాలు దాటి అచ్చులోకి ఎక్కితే ఇంకేమైనా ఉందా? ఆవిడ బండెక్కేలోగా కోటు చేతిలో పెట్టి, ఆ వాక్యం కొట్టేయించాలి. అందరి బట్టలూ మూలకు తోసి, తిండి కూడా మిషను దగ్గరే తిని, రెండు రోజుల్లో కోటు కుట్టేశాడు. తీరా చూస్తే నిజంగానే గుండీలు తరువాయి. ఫోను చేశాడు.

"అమ్మా, కోటు అయిపోయింది. గుండీలే తరువాయి. ఒకసారి వచ్చి తొడిగి చూసుకోండి."

ఆవిడ నవ్వింది. "నాకు తెలుసుగా మాస్టారూ. బట్ట మీరే ఉంచుకోండి, ఏం పర్వాలేదు."

"నిజంగానేనమ్మా."

"నిజంగానే అన్న మాట కూడా రాసుకున్నాను మాస్టారూ."

ముప్ఫై ఏళ్లకి ఒక నిజం చెబితే నమ్మే నాథుడే లేడు. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. మర్నాడు ఇవ్వాల్సిన ప్లీడరుగారి కోటు గుండీలు ఊడబెరికి, సూదీ దారం జేబులో వేసుకుని, ఆవిడ కోటు చంకన పెట్టుకుని, మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. సర్దిన పెట్టెల మధ్య కూర్చుని ఆవిడ కళ్లెదుటే గుండీలు కుట్టి ఇచ్చాడు. కోటు అతికినట్టు సరిపోయింది. ఆవిడకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే నోట్సు తీసి ఆ వాక్యం కొట్టేసింది.

మాస్టారు పొంగిపోయాడు. ఆ ఊపులో మర్యాదకని అడిగాడు.

"పుస్తకం ఎంతవరకు వచ్చిందమ్మా?"

ఆవిడ గుండీలు పెట్టుకుంటూ కిటికీ వైపు చూసింది.

"అయిపోయింది మాస్టారూ. ఆఖరి పేజీయే తరువాయి."

మాస్టారు ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత నోట్సు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఆ వాక్యం మళ్లీ రాసుకోండమ్మా," అన్నాడు. "మీకు బాగానే అర్థమైంది."