నవ్వు రాని సీను

ముప్పై ఏళ్లపాటు టీవీ కామెడీల్లో సెసిల్ ఓగ్డెన్ పోలీసుగానో బస్సు కండక్టరుగానో వచ్చి, రెండు మాటలు అని, జారిపడి వెళ్లిపోయేవాడు. అతని ఊరు, ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆ ముఖం తెలియనివారు లేరు. పేరు మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒక్కసారి అతనికి భార్యను పోగొట్టుకున్న వాచ్‌మన్ వేషం దక్కింది. అలవాటుగా రెండు కప్పుల్లో టీ పోసి, రెండో కప్పు చూసి ఆగిపోవాలి. అతను ఆగగానే, నవ్వడానికి స్టూడియోకు వచ్చిన జనమంతా ఊపిరి బిగబట్టారు.

"బాగా చేశావయ్యా, కానీ ఒక్కరూ నవ్వలేదుగా," అంటూ నిర్మాత ఆ సీను తీసేశాడు. తర్వాత ఆ టేపునే చెరిపి, దాని మీద గుర్రప్పందేలు రికార్డు చేశారు. సెసిల్ మళ్లీ జారిపడే వేషాలకే వెళ్లాడు.

రిటైరయ్యాక చేపల దుకాణంలో ఎవరైనా, "ఏదీ, కాలువలో పడ్డప్పటి మొహం ఒకసారి పెట్టండి," అంటే కాదనకుండా పెట్టేవాడు. ఇంటికొచ్చి మాత్రం, ఆ టీ సీను చేసినరోజు జనంలో కూర్చున్న భార్య ఎడ్నాను దాని గురించే అడిగేవాడు. మొన్న ఆదివారం కూడా అడిగాడు.

"నిజంగా బాగుందంటావా?"

"ఎన్నిసార్లు చెప్పను సెసిల్? నా పక్కనున్న లావుపాటాయన, నిజంగా ఎవరో పోయినట్టే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు," అంది ఎడ్నా, స్వెటర్ అల్లుతూనే.

సెసిల్ కాసేపు కిటికీలోంచి వాన చూశాడు.

"ఏం రంగు టోపీ?" అన్నాడు.