కాలువలో నేను వదిలేసిన వంపు

ముప్పై ఏళ్ళ కిందట గజపతినగరం పక్కన సాగునీటి కాలువ తవ్వినప్పుడు నేనక్కడ సర్వేయర్ని. దానికిప్పుడు సిమెంటు లైనింగు వేస్తూ వంకరలన్నీ సరిచేస్తున్నారని మొన్న పాత స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడు. బయల్దేరక తప్పలేదు. అందులో ఒక వంకర నాది మరి. అప్పట్లో కాలువ దారికి గుర్తుగా నేను పాతించిన పెగ్గులు, అంటే కర్రమేకులు, పైడమ్మ అనే రైతు ఇల్లాలి నూతిమీదుగా వెళ్ళాయి. ఒక పొద్దున ఆవిడ ఐదు పెగ్గులు పీకి, రెండు బారలు అవతల పాతుతుంటే మామిడితోట చాటునుంచి చూశాను. చూడనట్టే వెళ్ళిపోయి, నాలుగో రోజున ఆ పెగ్గుల వెంటే తవ్వించాను. కాయితం మీద మాత్రం తిన్నగా గీసి సంతకం పెట్టాను.

విజయనగరం కాంప్లెక్సులో ఉదయం ఆరుంపావుకి సాలూరు బస్సెక్కాను. గజపతినగరానికి గంట ప్రయాణం, టికెట్టు యాభై లోపే. ఆ రోజుల్లో ఇదే దారిలో సర్వే పరికరం పెట్టెను ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. దానికీ హాఫ్ టికెట్ కొడతానని కండక్టరు ఆటపట్టించేవాడు. మధ్యాహ్నం కట్టను అణిచే రోలరు ఆగగానే మట్టి మోసే ఆడవాళ్ళు రాగిపిండితో కాచిన చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ ఇచ్చేవారు. ఆ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. ఆ రోజులంటే నాకిప్పటికీ బెంగే.

బస్టాండులో ఇడ్లీ తిని ఆటో మాట్లాడాను, రానూపోనూ మూడు వందలు.

"కాలవ కాడ ఏటుంటాది మాస్టారూ సూడ్డానికి? నీళ్ళు కూడా నేవు," అన్నాడు డ్రైవరు.

"నేను తవ్వించిన కాలువయ్యా."

"అయితే ఆ కట్ట మీద గతుకులూ మీవేనన్నమాట!"

ఎనిమిదింటికి చేరేసరికి వంపు దగ్గర పొక్లెయిన్ నిలబడి ఉంది. నూతి గట్టుమీద నెరిసిన జుట్టుతో పైడమ్మ కదలకుండా కూర్చుంది. కుర్ర ఇంజనీరు డ్రాయింగు పట్టుకుని విసుక్కుంటున్నాడు.

"ఇక్కడ తిన్నగా ఉండాలి సార్. ఈవిడ కట్ట జరిపి కాలువ స్థలం ఆక్రమించింది. నుయ్యి పూడ్చాల్సిందే."

డ్రాయింగు అడుగున నా సంతకమే. ఉద్యోగమంతా ఒక్క మాట పడకుండా గడిపినవాణ్ణి. అయినా నోరు తెరిచాను.

"కాలువ తవ్విందే వంపుతో బాబూ. తప్పు గీసింది నేను. ఈ సంతకం నాదే."

అతను నన్నూ కాయితాన్నీ మార్చి మార్చి చూశాడు. "రాసిస్తారా?"

జీపు బానెట్ మీద పెట్టి రాసిచ్చాను. పైవాళ్ళతో మాట్లాడేదాకా పని ఆపుతానని చెప్పి, ఆ వంపు మేరా టేపుతో మళ్ళీ కొలిచాడు. పావుగంటలో పొక్లెయిన్ వెనక్కి తిరిగింది.

పైడమ్మ చేద వేసి నీళ్ళు తోడి నా చేతుల్లో పోసింది. "ఆ పొద్దు తోట సాటున నువ్వు సూసినావని నాకు తెలుసు బాబూ. పోలీసుల్ని అంపుతావని మూడు రోజులు కూడు తిన్నేదు. పిల్లల్ని కన్నోరింటికి అంపేసినాను."

వెళ్ళాలనుకునేవారికి ఒకటే సలహా: వేసవిలో, కాలువ ఎండినప్పుడు, ఎనిమిదిలోపు చేరుకోండి, తర్వాత కట్టమీద లారీల దుమ్ముకి నడవలేరు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ బయటికి చూడలేదు. పెద్ద ఉపకారం చేశానని ముప్పై ఏళ్ళు లోలోపల మురిసిపోయాను. తోటలోంచి బయటికొచ్చి "ఫరవాలేదమ్మా" అని ఒక్క మాట అని ఉంటే, ఆవిడ ఆ పూటే అన్నం తినేది.