ఇప్పుడే వస్తా మాస్టారు

డ్రాయింగు మాస్టారి పెళ్లి ఫొటోలో పెళ్లికూతురు ఉంటుంది, పక్కన ఖాళీ కుర్చీ ఉంటుంది. సరిగ్గా ఫొటో తీసే వేళకి ఆయన "ఇప్పుడే వస్తా" అని ఎటో వెళ్లాడు. సరే, మరీ ఖాళీ కుర్చీ అంటే కళ్లు పోతాయి. ఫొటో అంచున ఆయన మోచెయ్యి ఒకటి పడింది.

పని మధ్యలో మాయమవడం ఆయనకు ఊపిరి పీల్చినంత తేలిక. బోర్డు మీద ఏనుగు మొదలుపెడతాడు, తొండం దాకా వస్తాడు, "సుద్దముక్క అయిపోయింది, ఇప్పుడే వస్తా" అంటాడు. సుద్ద కోసం వెళ్లినవాడు టీ గ్లాసుతో తిరిగొస్తాడు. ఆలోగా పిల్లలే ఏనుగుకి కాళ్లూ తోకా పెట్టుకునేవారు. ఒకసారి ఐదు కాళ్లొచ్చాయి. ఏది తీసెయ్యాలో తేల్చడానికి క్లాసులో ఓటింగు జరిగింది. మొత్తం సర్వీసులో ఆయన ఒక్క బొమ్మ పూర్తి చేసిన పాపాన పోలేదు.

ఆ క్లాసులో ఆఖరి బెంచీ మీద ఒక అమ్మాయి ఉండేది. ఆమె పిట్టను గీస్తే ఎగిరిపోతుందేమోనని కిటికీ మూసుకోవాల్సి వచ్చేది. నోరు విప్పితే మాత్రం పక్కవాళ్లకి కూడా వినపడదు. అందుకే అందరూ "గుసగుస" అని పిలిచేవారు.

ఒకనాడు బడి వెనక ప్రహరీ గోడ మీద పెద్ద నది బొమ్మ వేయాల్సి వచ్చింది.

"నాలుగింటికి పిల్లల తల్లిదండ్రులొస్తారు. అప్పటికి పూర్తికాలేదో, సున్నం కొట్టించేస్తాను," అంది హెడ్‌మిస్ట్రెస్.

నమూనా గుసగుస గీసిందే. మాస్టారు దాన్ని ఆమె చేతిలోనే పెట్టి, పన్నెండు మంది పిల్లల్ని గోడ ముందు నిలబెట్టి, "బ్రష్షు మర్చిపోయాను, ఇప్పుడే వస్తా" అని జారుకున్నాడు.

పొడుగుగాడి జట్టు బెంచీలెక్కి ఎడమ కొస నుంచి మొదలుపెట్టింది. సోడాబుడ్డి కళ్లద్దాలవాడి జట్టు నేల మీద చతికిలబడి కుడి కొస నుంచి మొదలుపెట్టింది. గుసగుస తప్పు ముందే పసిగట్టింది. "అలా కాదు," అంది. ఆ మాట ఆమె గడ్డం కూడా దాటలేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి రెండు నదులూ గోడ మధ్యకొచ్చాయి. ఒకటి ఛాతీ ఎత్తున, ఇంకోటి మోకాలి ఎత్తున.

"నీ నది పాతాళంలోకి పోయిందిరా సోడాబుడ్డీ!"

"నీది ఆకాశంలో పారుతోంది! అద్దాలు నాకు కాదు, నీకు పెట్టాలి!"

అవతలి నదిని చెరిపేద్దామని పొడుగు తడిగుడ్డ తీశాడు. సోడాబుడ్డి రంగు డబ్బా ఎత్తాడు. గుసగుస మాస్టారి కోసం నాలుగు వైపులా చూసింది. జాడ లేదు. తన నది కళ్లముందే సున్నం కిందికి పోబోతోంది. గోడకి ఆనించి ఉన్న నిచ్చెన గబగబా ఎక్కి, పుట్టినప్పటినుంచీ దాచుకున్న గొంతంతా ఒక్కసారే బయటపెట్టింది.

"ఆగండ్రా! గుడ్డ ముట్టుకున్నవాడి మొహానికి నీలం రంగు పూసేస్తా!"

చూరు మీద కాకులు లేచిపోయాయి. పొడుగు చేతిలో గుడ్డ జారిపడింది.

"రెండూ అలాగే ఉండనివ్వండి. పైనున్న నీళ్లు కిందికి దూకుతాయి. మధ్యలో జలపాతం! పొడుగూ, పైనుంచి తెలుపు నువ్వు వెయ్యి. సోడాబుడ్డీ, నురగ నీది. నీలా చుక్కలు పెట్టేవాడు ఇంకోడు లేడు. మిగతావాళ్లు రాళ్లు!"

"రాళ్లు ఏ రంగే?"

"నీ మొహం రంగు! బూడిద కలుపు!"

నాలుగు కొట్టడానికి ఐదు నిమిషాలుండగా జలపాతం దూకింది. హెడ్‌మిస్ట్రెస్ చూసి, చెప్పులు తడుస్తాయేమో అన్నట్టు ఓ అడుగు వెనక్కి వేసింది.

నిచ్చెన లోపల పెట్టడానికి గుసగుస సామాన్ల గదిలోకి వెళ్లింది. కిటికీ అద్దం నిండా దుమ్ము. మధ్యలో ఒక కంటికి సరిపడా గుండ్రంగా తుడిచి ఉంది. అందులోంచి చూస్తే ఎదురుగా వాళ్ల గోడే. కింద ఒక స్టూలు, మూడు ఖాళీ టీ గ్లాసులు, ఒక కాగితం. కాగితం మీద నిచ్చెనెక్కి, చెయ్యి చాచి, నోరంతా తెరిచి అరుస్తున్న అమ్మాయి. ఊడిన గుండీ దాకా, చెప్పు పట్టీ దాకా పూర్తయిన బొమ్మ.

తలుపు దగ్గర అలికిడైంది. మాస్టారు.

"పొద్దున్నుంచీ మీరు ఇక్కడే ఉన్నారు కదూ మాస్టారూ?" ఈసారి గొంతు ఖంగుమంది.

"నేనా? ఇక్కడా? బ్రష్షు కోసం బజారంతా తిరిగి కాళ్లు పడిపోతుంటే!"

"మరి ఈ బొమ్మ?"

"నాది కాదు. నేను బొమ్మ పూర్తిచేయడం నువ్వెప్పుడైనా చూశావా?"

"పోనీ, బ్రష్షు దొరికిందా?"

"లేదమ్మా, ఎక్కడా దొరకలేదు," అన్నాడాయన, చెవి మీద పెట్టుకున్న బ్రష్షు సర్దుకుంటూ. "ఉండు, ఇప్పుడే వస్తా."