మొదటి కప్పు చారు

గరాజ్‌లో డైవింగ్ సూట్ సంచీ తెరవగానే రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, సత్యంగారు నవ్వుతూ ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది నాకు. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడి రిటైరైన మత్తు డాక్టరు ఆయన. పుట్టింది మచిలీపట్నంలోనే అయినా, వాళ్ళమ్మ సముద్రంలో మోకాలి లోతు దాటనివ్వలేదట. ఆ కసంతా హ్యూరన్ సరస్సు మీద తీర్చుకున్నారు. అరవై ఏళ్ళకు డైవింగ్ నేర్చుకుని, ఆఫీసూ ఇల్లూ తప్ప మరేదీ తెలియని నన్ను కూడా అందులోకి దించారు.

ఆయనతో వెళ్ళే పడవలో ఒక రివాజు ఉండేది. ఫ్లాస్కులోని మిరియాల చారు మొదటి కప్పు, ఆ రోజు డైవ్‌ను మధ్యలో ఆపినవాళ్ళకే. ఎందుకు ఆపారని ఎవరూ అడగకూడదు. "మనవాళ్ళు మొహమాటంతో మునిగిపోయే రకం అమ్మాయ్. అందుకే ఈ లంచం" అనేవారు. మూడేళ్ళలో ఆ కప్పు నాకు ఒక్కసారీ రాలేదు. అందుకు లోలోపల గర్వపడేదాన్ని కూడా.

డెట్రాయిట్ చుట్టూ ఉద్యోగాలు ఊడుతున్న వేసవి అది. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. ఇంకొక్కసారి దిగి డైవింగ్ మానేస్తానని కూతురికి మాటిచ్చారు. నూట ముప్పై అడుగుల లోతున పాతకాలపు చెక్క ఓడ ఒకటుంది. దాని చుక్కాని చక్రం చెక్కుచెదరలేదని విని, పదేళ్ళుగా దాన్ని చూడాలని తపించారు. ఆ చివరి డైవ్ దానికోసమే.

ఇద్దరం తాడు పట్టుకుని దిగాం. ఓడ కనబడేసరికి నా ఎడమ మణికట్టు దగ్గర సూట్‌లోకి మంచులాంటి నీళ్ళు చేరసాగాయి. చక్రం ఇంకో ఇరవై అడుగుల దూరం. జంటగా దిగినవాళ్ళు జంటగానే పైకి రావాలి. ఆయన కోసం ఓర్చుకుందామనుకున్నాను. కాసేపటికి నా వేళ్ళు తాడును పట్టుకున్నాయో లేదో నాకే తెలియలేదు. పైకి వెళ్దామని బొటనవేలు చూపించాను. ఆయన వెంటనే తిరిగారు. చక్రం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

పడవెక్కాక ఏడ్చేశాను.

"సారీ డాక్టరుగారూ, మీ చక్రం..."

"అదెక్కడికీ పోదు. పైకి రావాల్సింది నువ్వు కదా. తాగు, ఉప్పెక్కువైందేమో చెప్పు" అంటూ కప్పు నా చేతుల్లో పెట్టి, మొద్దుబారిన నా వేళ్ళను తన చేతులతో పట్టుకున్నారు.

ఆ తర్వాత ట్రాయ్‌లో ఏ విందుకెళ్ళినా, "నా లాస్ట్ డైవ్ క్యాన్సిల్ చేసింది ఈ అమ్మాయే" అని నన్ను మురిపెంగా పరిచయం చేసేవారు.

మరుసటి ఏడాది ఆ చక్రాన్ని నేను చూశాను. ఒడ్డుకు రాగానే ఫోన్ చేశాను.

"ఎన్ని ఆకులున్నాయి ఆ చక్రానికి?"

"లెక్కపెట్టలేదండీ. చలి ఎక్కువైంది, వెనక్కి వచ్చేశాను."

ఫోన్‌లో పెద్ద నవ్వు. "ఇక నీ గురించి నాకు బెంగ లేదు."

ఇప్పుడు ఆయన లేరు. ఆఫీసులోనైనా, నీళ్ళలోనైనా, అందరూ ముందుకు పోదామంటున్నప్పుడు నావల్ల కాదని చెప్పగలుగుతున్నాను. చెప్పిన ప్రతిసారీ, ఆయన్ని సంతోషపెట్టాననే అనిపిస్తుంది.